పాట ఒకరిది, రికార్డింగ్ ఇంకొకరిది: కవర్ సాంగ్‌కు క్లెయిమ్ ఎందుకు వస్తుంది?

క్లుప్తంగా: విడుదలైన ప్రతి పాటలోనూ చట్టం దృష్టిలో కనీసం రెండు ఆస్తులుంటాయి. రాసి, బాణీ కట్టిన పాట ఒకటి. దాన్ని స్టూడియోలో పట్టిన రికార్డింగ్ ఇంకొకటి. వీటి యజమానులు వేరువేరుగా ఉండొచ్చు. కవర్ సాంగ్, అంటే ఇదివరకే విడుదలైన పాటను మళ్లీ పాడేవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే మొదలవుతుంది. రాసేది, బాణీ కట్టేది, పాడేది ఒక్కరే అయిన దక్షిణ తెలంగాణ పాటకు దీని ప్రభావం మరీ ఎక్కువ.

గొంతు తనదే, హక్కు ఎవరిది?

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల పాటగాళ్లలో సొంత యూట్యూబ్ ఛానెల్ ఉన్నవాళ్లు ఇప్పుడు చాలామందే. ఒకరు డప్పు మీద జానపదం పాడి పెడతారు. ఇంకొకరు గిటార్ పట్టుకుని సినిమా పాటను నిదానంగా పాడతారు. మరొకరు నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ మీద గొంతు కలుపుతారు. వీడియో ఎక్కించిన కాసేపటికే కొందరికి ‘ఇందులో మా హక్కు ఉంది’ అనే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, కొందరికి రాదు. ‘పాడింది నేనే, గొంతు నాదే, మరి హక్కు వేరేటోళ్లది ఎట్లయితది?’ అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

ప్రశ్న న్యాయమైనదే. అయితే పై ముగ్గురూ చేసిన పని చట్టం ముందు ఒకటి కాదు. ఎవరు కట్టారో తెలియని జానపదాన్ని తన వాయిద్యంతో పాడినవాళ్లు ఎవరి ఆస్తినీ ముట్టుకోలేదు. గిటార్‌తో సినిమా పాట పాడినవాళ్లు సాహిత్యాన్ని, బాణీని వాడుకున్నారు. పాత రికార్డింగ్ జోలికి మాత్రం పోలేదు. కరోకే ట్రాక్ వాడినవాళ్లు పాటతోపాటు ఎవరో డబ్బు పెట్టి చేయించిన రికార్డింగును కూడా వాడుకున్నారు. ఆ ట్రాక్ అసలు సినిమా పాటలోంచి గొంతు తీసేసి చేసినదైతే దాని యజమాని ఆడియో కంపెనీ. ఎవరో మళ్లీ వాయించి చేసినదైతే ఆ చేసినవాళ్లు. ‘మ్యూజిక్ ఒక్కటే కదా వాడింది’ అనుకునే చోటే రెండు హక్కులు అడ్డొస్తాయి.

కరోల్ కింగ్ పాటలు చూపే తేడా

ఈ తేడా బాగా తెలిసేది అమెరికన్ పాప్ రాక్ గాయని, రచయిత్రి కరోల్ కింగ్ పాటల్లో. 1942లో పుట్టిన ఆమె మొదట పేరు తెచ్చుకున్నది గాయనిగా కాదు. న్యూయార్క్‌లోని ఆల్డన్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థకు, అప్పటి భర్త గెర్రీ గాఫిన్‌తో కలిసి పాటలు కట్టేవారు. గాఫిన్ మాటలు, కింగ్ బాణీ. పాట తయారయ్యాక సంస్థ దాన్ని వేరే గాయకుల దగ్గరికి పంపేది. అట్లా వాళ్లు కట్టిన పాటను షిరెల్స్ అనే అమ్మాయిల బృందం 1960లో రికార్డు చేస్తే, 1961 జనవరిలో అది అమెరికా హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. 1967లో గాయని అరీతా ఫ్రాంక్లిన్ కోసం కట్టిన పాటలో నిర్మాత జెర్రీ వెక్స్‌లర్‌కు కూడా రచయితల్లో పేరుంది.

అసలు సంగతి 1971లో తేలింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో కింగ్ ‘టేపెస్ట్రీ’ ఆల్బమ్ విడుదలైంది. నిర్మాత లూ ఆడ్లర్. పదేళ్ల కింద షిరెల్స్ పాడినదాన్ని, అరీతా పాడినదాన్ని ఇందులో ఆమె తన పియానో మీద, తన గొంతుతో మళ్లీ పాడారు. తన పాటకు తానే ఇంకో రికార్డింగ్ చేశారన్న మాట. రికార్డింగ్ మారింది, పాట మారలేదు. షిరెల్స్ రికార్డు అమ్ముడైనా, కింగ్ ఆల్బమ్ అమ్ముడైనా రచయితల వాటా మాత్రం గాఫిన్, కింగ్‌ల పేరు మీదికే వెళ్తుంది.

అదే ఆల్బమ్‌లోని ‘యూ హ్యావ్ గాట్ ఎ ఫ్రెండ్’ పాట ఇంకో మెట్టు ముందుకు తీసుకుపోతుంది. ఆమె స్నేహితుడు జేమ్స్ టేలర్ కూడా ఆ ఏడాదే దాన్ని రికార్డు చేశాడు. గిటారిస్టు డానీ కోర్చ్‌మార్ ఇద్దరి బృందాల్లోనూ వాయించాడు. కింగ్ తన రికార్డింగును సింగిల్‌గా, అంటే విడి పాటగా వదలలేదు. టేలర్ వదిలాడు, జూలై చివరికి అది అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. 1972 మార్చిలో గ్రామీ అవార్డులు ఇచ్చినప్పుడు ఈ పాటకు ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ దక్కింది. ఆ అవార్డు రచనకు ఇచ్చేది కాబట్టి కింగ్‌కు వెళ్లింది. అదే పాట పాడిన తీరుకు పురుష పాప్ గాయకుడి అవార్డు టేలర్ అందుకున్నాడు. రికార్డింగుకు ఇచ్చే ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’ మాత్రం కింగ్ పాడిన వేరే పాటకు, ‘ఇట్స్ టూ లేట్’కు వచ్చింది. దాని మాటలు టోనీ స్టెర్న్ రాశారు. పాటకు ఒక అవార్డు, రికార్డింగుకు ఒక అవార్డు, గొంతుకు ఒక అవార్డు. హక్కులను చట్టం విడదీసే తీరు కూడా దాదాపు ఇదే.

పాత పాట కొత్త గొంతుల్లోకి మారుతూ ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి ‘ది లోకోమోషన్’ చాలు. గాఫిన్, కింగ్ కట్టిన ఈ పాటను 1962లో లిటిల్ ఈవా పాడితే మొదటి స్థానం వచ్చింది. 1974లో గ్రాండ్ ఫంక్ రాక్ బృందం గిటార్లు దట్టించి పాడితే మళ్లీ మొదటి స్థానం. 1988లో కైలీ మినోగ్ డాన్స్ పాటగా మార్చి పాడితే మూడో స్థానం. రికార్డింగులు మూడు, వాటి యజమానులు వేరువేరు, కింద ఉన్న పాట ఒకటే.

కౌలు తెలిసిన జిల్లాలకు ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. పట్టా ఒకరి పేరు మీద ఉంటుంది. ఆ చెలకలో ఈ ఏడు ఒకరు పత్తి పెడతారు, వచ్చే ఏడు ఇంకొకరు కంది వేస్తారు. పంట వేసినవాళ్లదే, భూమి పట్టాదారుదే, మధ్యలో కౌలు చెల్లించాలి. పాట పట్టా లాంటిది, రికార్డింగ్ పంట లాంటిది.

అమెరికాలో కవర్‌కు దారి సులభం, ఎందుకు?

ఒకసారి విడుదలైన పాటను మళ్లీ రికార్డు చేసుకోవడానికి అమెరికా చట్టం ఎవరికైనా దారి ఇస్తుంది. రచయిత ఒప్పుకోనక్కర్లేదు, ప్రతి కాపీకి నిర్ణయించిన రుసుము కడితే చాలు. 1909లో అది కాపీకి 2 సెంట్లు, 2006 నుంచి 2022 దాకా 9.1 సెంట్లు. పాడేవాళ్లు తమ శైలికి తగ్గట్టు పాటను మలుచుకోవచ్చు; బాణీ మూలం మాత్రం చెడగొట్టకూడదు. గ్రాండ్ ఫంక్ రాక్ వాయిద్యాలు పెట్టగలిగింది ఈ వెసులుబాటుతోనే.

ఇంకో విచిత్రం కూడా ఉంది. అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే రచయితకు డబ్బు ముడుతుంది, పాడినవాళ్లకు ముట్టదు. జేమ్స్ టేలర్ గొంతు రేడియోలో ఎన్నిసార్లు మోగినా ఆ పాట మీద రేడియో ఆదాయం కింగ్‌దే. పాడేవాళ్లు సొంతంగా రాయడం మొదలుపెట్టడానికి ఉన్న కారణాల్లో డబ్బు కూడా ఒకటని దీన్నిబట్టి అర్థమవుతుంది.

రచన చేతిలో ఉంటే ఎంత బలమో అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ ఉదంతం చూపింది. 2019లో ఆమె మొదటి ఆరు ఆల్బమ్‌ల రికార్డింగులు వేరే సంస్థ చేతికి అమ్ముడుపోయాయి. పాటల రచన హక్కు ఆమె దగ్గరే ఉండటంతో 2021 నుంచి 2023 మధ్య నాలుగు ఆల్బమ్‌లను మళ్లీ పాడి విడుదల చేశారు. 2025లో పాత రికార్డింగులనూ కొనుక్కున్నారు.

మన పాట నడిచిన దారి వేరు

దక్షిణ తెలంగాణలో పాటకు పుట్టిల్లు ప్రచురణ సంస్థ కాదు. కూలిపని, కళ్లం, జాతర, బతుకమ్మ, పోరాటం. కట్టినవాళ్లే బాణీ కట్టి, వాళ్లే గజ్జె కట్టి పాడేవారు. విన్నవాళ్లు ఇంకో ఊరికి మోసుకుపోయేవారు. సాయుధ పోరాట కాలంలో నల్లగొండ పల్లెల్లో పాట ఎంతమంది నోళ్లలో పడితే అంత గెలిచినట్టు లెక్క. అనుమతి అన్న మాటకే చోటు లేదు. ఈ తీరే పాటను బతికించింది. రచయిత పేరు మరుగున పడటానికీ ఇదే కారణమైంది.

‘మాభూమి’ సినిమా ఇందుకు మంచి ఉదాహరణ. అందులో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ ఊరూరా మోగింది. దాన్ని పోరాట కాలంలో కట్టినది బండి యాదగిరి. పాట వినగానే చాలామందికి గుర్తొచ్చేది పాడిన గద్దరే. అదే సినిమాలో పశువుల కాపరి పిల్లవాడి మీద వచ్చే పాట సుద్దాల హనుమంతుది. గుండాల దగ్గరి సుద్దాల ఊరి పేరే ఇంటిపేరైన ఆయన 1982లో కన్నుమూశారు. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి ఏడాది మొదలుకొని 60 ఏళ్ల పాటు రచన మీద హక్కు వారసులకు ఉంటుంది. అంటే హనుమంతు పాటల సాహిత్యం మీద 2042 చివరి దాకా హక్కు ఉంది. పోరాట పాట కాబట్టి అందరిదీ అన్న భావన మనసుకు నచ్చేదే, చట్టం మాత్రం అట్లా చూడదు.

ఇప్పటి తరంలో కింగ్‌తో పోల్చదగిన పాలమూరు మనిషి గోరటి వెంకన్న. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన ఆయన తానే రాస్తారు, తానే బాణీ కడతారు, తానే ఆడి పాడతారు. ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పల్లె కన్నీటి మీద ఆయన రాసిన పాట 2002లో ‘కుబుసం’ సినిమాలోకి వెళ్లి ఇంటింటికీ చేరింది. సభల్లో ఆయన పాడేది, సినిమాలో వినిపించేది, ఇవాళ యూట్యూబ్‌లో పిల్లలు పాడేది ఒకే పాట; రికార్డింగులు మాత్రం వేరువేరు.

నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు, 2022 పద్మశ్రీ గ్రహీత దర్శనం మొగులయ్య సంగతి ఇంకో రకం. పండుగ సాయన్న లాంటి కథాగేయాలు ఆయనకు పెద్దల నుంచి వచ్చినవి. వాటి రచయిత ఎవరని అడిగితే ఒక పేరు చెప్పలేం. అయినా ఆయన పాడిన తీరు మీద, కిన్నెర మెట్ల మీద వేళ్లు నడిపిన తీరు మీద ఆయనకు కళాకారుడిగా హక్కు ఉంటుంది. దాని గడువు 50 ఏళ్లు. సంప్రదాయ పాట అందరిది, ఆ రోజు ఆ మనిషి పాడిన పాట మాత్రం ఆయనది. ఈ హక్కు గురించి పల్లె కళాకారులకు తెలిసింది చాలా తక్కువ. తెలియకపోవడం వల్ల పోయే డబ్బు వాళ్లదే కాబట్టి దీని మీద ఎంత చెప్పినా ఎక్కువ కాదు.

మన చట్టం ఏం చెబుతుంది

1957 కాపీరైట్ చట్టం ఒక పాటను ముక్కలు చేసి చూస్తుంది. మాటలు సాహిత్య రచన, బాణీ సంగీత రచన, వినిపించేది సౌండ్ రికార్డింగ్. రికార్డింగుకు చట్టం దృష్టిలో కర్త పాడినవాళ్లు కాదు, నిర్మాత. అంటే స్టూడియో ఖర్చు పెట్టి చేయించిన మనిషి. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు.

సినిమా పాటల్లో ఈ ముక్కలన్నీ చాలాకాలం ఒకే చేతిలో ఉండిపోయాయి. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, డబ్బిచ్చి రాయించుకున్న సినిమా నిర్మాతే పాటకూ సొంతదారుడని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నిర్మాత నుంచి ఆ హక్కులు ఆడియో కంపెనీకి వెళ్లేవి. అమెరికాలో పాట ప్రచురణ ఒక వ్యాపారంగా, రికార్డు కంపెనీ ఇంకో వ్యాపారంగా ఎదిగితే, ఇక్కడ రెండూ ఒకే తలుపు వెనక చేరాయి. గిటార్ మీద పాడిన సినిమా పాటకు కూడా ఆడియో కంపెనీ పేరుతోనే క్లెయిమ్ రావడానికి మూలం ఇదే.

2012 సవరణ దీన్ని కొంత మార్చింది. సినిమాకు రాసిన పాటైనా, థియేటర్ బయటి వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత, సంగీత దర్శకుడు వదులుకోవడం కుదరదని చెప్పింది. వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని రాసివ్వలేరు. రాజ్యసభలో దీనికోసం గట్టిగా మాట్లాడినవారు హిందీ సినీ గీత రచయిత జావేద్ అఖ్తర్.

కవర్ వెర్షన్ల గురించి అదే సవరణ 31సి సెక్షన్ తెచ్చింది. అమెరికా పద్ధతితో పోలిస్తే ఇది చాలా బిగువు. పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. మాటల్లో, బాణీలో సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పు చేయకూడదు. అట్ట మీద ఇది కవర్ వెర్షన్ అని రాయాలి. క్యాసెట్లు, సీడీలు అమ్మే కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన ఇది. దేవరకొండలోనో నారాయణపేటలోనో ఫోన్‌తో వీడియో తీసి పెట్టే కుర్రాడికి ఇది ఏ రకంగానూ పనికిరాదు. పైగా ఇది శబ్దానికే వర్తిస్తుంది. పాటకు దృశ్యం జోడిస్తే వేరే అనుమతి కావాలి. చట్టం ఈ చోట వాడకానికి చాలా వెనకబడి ఉంది.

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు

చట్టం వదిలిన ఖాళీని ఆచరణలో నింపుతున్నది యూట్యూబ్ యంత్రాంగం. కంటెంట్ ఐడీ అనే ఈ ఏర్పాటు 2007 నుంచి ఉంది. హక్కుదారులు ముందే ఇచ్చిన పాటలతో కొత్తగా ఎక్కించిన ప్రతి వీడియోనూ అది పోల్చి చూస్తుంది. రికార్డింగునే కాదు, బాణీనీ పట్టగలదు. దొరికితే హక్కుదారు ముందు మూడు దారులుంటాయి: వీడియోను ఆపేయడం, దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు తీసుకోవడం, ఏమీ చేయకుండా లెక్క మాత్రం చూసుకోవడం.

క్లెయిమ్ వచ్చిందంటే ఛానెల్ పోయినట్టు కాదు. ఛానెల్‌కు ముప్పు తెచ్చేది స్ట్రైక్, అంటే హక్కుదారు ఫిర్యాదు మీద వీడియో తీసేసినప్పుడు పడే హెచ్చరిక. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ మూతపడొచ్చు. క్లెయిమ్ తప్పనిపిస్తే అభ్యంతరం పెట్టొచ్చు. దాని మీద హక్కుదారు 30 రోజుల్లో స్పందించాలి. అర్హత ఉన్న కొన్ని కవర్ వీడియోల్లో, డబ్బు సంపాదించే స్థాయికి చేరిన ఛానెళ్లకు పాట హక్కుదారుతోపాటు కొంత వాటా కూడా వస్తుంది. కరోకే ట్రాక్ లేకుండా సొంత వాయిద్యంతో పాడినవాళ్లకు ఈ అవకాశం ఎక్కువ.

జానపదాల్లో ఇంకో ఇబ్బంది కనిపిస్తుంది. ఎవరిదీ కాని పాటను ఒక ఛానెల్ కొత్త సంగీతంతో రికార్డు చేసి, పాటలను ఆన్‌లైన్ వేదికలకు పంపే డిస్ట్రిబ్యూటర్ ద్వారా నమోదు చేసుకుంటే, అదే పాటను అమ్మమ్మ దగ్గర నేర్చుకుని పాడినవాళ్లకు క్లెయిమ్ తగలొచ్చు. ఆ ఛానెల్‌కు ఉన్న హక్కు తన రికార్డింగ్ మీద, తాను కొత్తగా చేర్చిన చరణాల మీద, సంగీతం మీద మాత్రమే. మూల పాట మీద కాదు. ఇలాంటి చోట అభ్యంతరం పెట్టడానికి వెనకాడాల్సిన పనిలేదు.

పెళ్లి బరాత్, కాలేజీ వేదిక, జాతర

వేదిక మీద పాడటానికి లెక్క వేరు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలు, మతపరమైన కార్యక్రమాలు, ప్రభుత్వ అధికారిక కార్యక్రమాల్లో పాట పాడటాన్ని, వినిపించడాన్ని చట్టం ఉల్లంఘనగా చూడదు. మన్యంకొండ, కురుమూర్తి, చెరువుగట్టు లాంటి చోట్ల దేవుడి సేవలో పాడే పాటకు ఈ మినహాయింపు వర్తిస్తుంది. మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల పరిధిలోని కాలేజీ వార్షికోత్సవంలో విద్యార్థులు పాడినా, వినేవాళ్లు విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రులే అయితే ఇబ్బంది లేదు. టికెట్ పెట్టి బయటి ఆర్కెస్ట్రాను పిలిస్తే మినహాయింపు పోతుంది. అప్పుడు రచయితల, సంగీతకారుల సొసైటీ అయిన ఐపీఆర్ఎస్ లైసెన్సు కావాలి. సాధారణంగా దాన్ని తీసుకోవాల్సింది నిర్వాహకులు. 2017లో తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా పంపిన నోటీసు మీద జరిగిన చర్చంతా ఈ ప్రదర్శన హక్కు చుట్టూ తిరిగిందే.

మినహాయింపు ఆ వేడుక వరకే. పెళ్లి బరాత్‌లో మోగిన పాటతో వీడియో చేసి నెట్‌లో పెడితే అది వేరే వాడకం అవుతుంది.

రికార్డింగ్ రోజున కాగితం మీద ఉండాల్సినవి

ఇక్కడి ఫోక్ వీడియో కింద సాధారణంగా కనిపించే పేర్లు: లిరిక్స్, సింగర్, మ్యూజిక్, కెమెరా, ఎడిటింగ్, నటీనటులు, ఛానెల్. బాణీ ఎవరిదన్న వరస చాలాసార్లు ఉండదు. రాసినాయనే రాగం తీసి వినిపిస్తే, కీబోర్డు మీద దానికి రిథమ్, బిట్లు కలిపిన మనిషి పేరు మ్యూజిక్ దగ్గర పడుతుంది. అట్లా బాణీ హక్కు నోటిమాట కూడా లేకుండా చేయి మారినట్టు కనిపిస్తుంది. పెద్దవాళ్ల నోట విని రాసుకున్న పాటకైతే ‘జానపదం’ అని రాసి, ‘సేకరణ’ దగ్గర పేరు వేసుకోవడం సరైన పద్ధతి. సేకరించినవాళ్లకు గౌరవం దక్కుతుంది, రచన మీద లేని హక్కు రాకుండా ఉంటుంది.

చట్టంలో పాటగాళ్లకు అండగా నిలిచే అంశాలు 19వ సెక్షన్‌లో ఉన్నాయి. హక్కు రాసివ్వడం కాగితం మీద, సంతకంతోనే జరగాలి. స్టూడియోలో చేతికిచ్చిన రెండు మూడు వేల రూపాయలతో హక్కు దానంతటదే మారిపోదు. కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లకే పరిమితం. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. హక్కు అమ్మేసిన తర్వాత కూడా రచయితగా తన పేరు ఉండాలని, పాటను తన ప్రతిష్ఠ దెబ్బతినేలా వక్రీకరించొద్దని అడిగే అధికారం 57వ సెక్షన్ ప్రకారం రచయితకు ఉంటుంది.

రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు ఐపీఆర్ఎస్‌లో, పాడినవాళ్లు గాయకుల, వాయిద్యకారుల హక్కుల సంస్థ ఇసామ్రా (పాత పేరు ఇస్రా)లో సభ్యులు కావచ్చు. చనిపోయిన రచయితల తరఫున వారసులు కూడా ఐపీఆర్ఎస్‌లో చేరవచ్చు. సభ్యత్వం తీసుకున్నాక తమ పాటల పేర్లు, రచనలో ఎవరి వాటా ఎంత అన్నది ఒక్కో పాటకు విడిగా నమోదు చేయించాలి. నమోదు కాని పాట మీద వసూలైన డబ్బు ఎవరిదో తేల్చే దారి సొసైటీకి ఉండదు.